బెంచీ దాకా తెల్లరాళ్ళు

నడకతాతను ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. లేచి చెప్పులు వేసుకుంటాడు. అది ఆయన అలవాటు. ఒకసారి బళ్ళారి నుంచి ఒక పెద్దమనిషి కారు వేసుకొని వచ్చి, ఆత్మ ఎక్కడుంటుంది అని అడిగితే, ఆయన్ని పిలుచుకొని పోయి పక్కూరి మిరపతోటలో మధ్యాహ్నం దాకా కాయలు కోయించి పంపించినాడు. ఆ పెద్దమనిషికి జవాబు దొరికిందో లేదో నాకు తెలీదు గానీ, మళ్ళీ అడగడానికైతే రాలేదు. తాత అసలు పేరు ఎవరికీ తెలీదు. ఎప్పుడు చూసినా నడుస్తూ ఉంటాడు కాబట్టి నడకతాత. మా ఏటి ఒడ్డున ఉన్న చిన్న మఠం ఆయనదేనని జనం అంటారు. ఆయన మాత్రం, ఎండగా ఉంటే ఇక్కడ ఆగినానప్పా, అంతే, అంటాడు. ఆగి ముప్పై ఏళ్ళయింది. నేను చెప్పబోయేది మొన్న ఎండాకాలం మొదట్లో ఆయన శిష్యుడు చిదంబరయ్య సారు అడిగిన ఒక ప్రశ్న సంగతి. దానికి జవాబుగా తాత నడిపించిన నడక తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమూ వస్తుంది, కోపమూ వస్తుంది. కోపమే ఎక్కువ వస్తుంది.

ముందు మా చోటు గురించి చెప్పాలి. ఎడారి అనగానే అందరికీ ఒంటెలు గుర్తొస్తాయి. మా దగ్గర ఒంటెలు లేవు, ఇసుక మాత్రం కావలసినంత ఉంది. కర్ణాటక సరిహద్దులో మా ఏరు వానాకాలంలో నాలుగు దినాలు పారినట్టు చేసి, మిగతా ఏడాదంతా ఎండి పడుకొని ఉంటుంది. ఆషాఢం గాలికి ఆ ఏట్లో ఇసుక లేచి, ఒడ్డెక్కి, చేల మీద పడి, దిబ్బలు దిబ్బలుగా పేరుకుంది. మా తండ్రుల కాలంలో కొర్ర పండిన భూమి ఇప్పుడు ఎక్కడుందో చూపించమంటే మేము కాలితో ఇసుకను తట్టి చూపించాలి. అయితే ఒకమాట. చూడడానికి మాత్రం బాగుంటుంది. పొద్దున్నే పోయి చూస్తే, దిబ్బల మీద గాలి గీసిన గీతలు కొత్త చీర కుచ్చిళ్ళు పోసి పరిచినట్టు ఉంటాయి. సాయంత్రం అవే దిబ్బలు ఒక పక్క బంగారం, ఒక పక్క నీలం. అందుకే ఈమధ్య ఊళ్ళ నుంచి చేతికర్రలు పట్టుకొని, వీపు సంచులు తగిలించుకొని, టోపీలు పెట్టుకొని ఆదివారాలు మనుషులు వస్తున్నారు. దాన్ని ట్రెక్కింగ్ అంటారు. మేము నడిస్తే పనికి పోతున్నట్టు, వాళ్ళు నడిస్తే ట్రెక్కింగ్ చేస్తున్నట్టు. పోనీలెండి, వచ్చేవాళ్ళు మంచివాళ్ళే. మఠంలో మజ్జిగ తాగి, దండం పెట్టుకొని పోతారు.

చిదంబరయ్య సారు కర్నూల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి, రిటైరయి, తాత దగ్గర చేరినాడు. చెడ్డవాడు కాదు. అందమైనది ఏదైనా కనబడితే ఆయన ఒక్కడే చూసి ఊరుకోలేడు, పక్కనున్నవాణ్ణి చెయ్యి పట్టుకొని లాక్కుపోయి చూపించాలి. ఆ యేడు తాత అలవాటు ప్రకారం కాలినడకన ఎటో దేశం మీద పోయి ఉన్నప్పుడు, మఠానికి వెల్ల వేయిస్తే తొట్టిలో సున్నం మిగిలింది. వచ్చేవాళ్ళు దిబ్బల్లో దారి తప్పుతున్నారు, మంచి మంచి దృశ్యాలు చూడకుండానే వెనక్కి పోతున్నారు అని సారుకు ఎప్పటినుంచో బాధ. ఇంకేం. పెద్ద పెద్ద రాళ్ళు ఏరించి, ఒక్కో రాయికి తన చేత్తోనే సున్నం పూసి, సరిహద్దు అవతలి నుంచి వచ్చే పాతబాట మొదలు దిబ్బల మీదుగా, పైన పెద్దగుండు అనే బండరాతి గుట్ట దాకా వరసగా పేర్పించినాడు. మంచి దృశ్యం కనబడే ప్రతి చోటా ఒక చెక్కపలక పాతి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినాడు. గుండు మీద చివరి మలుపులో ఒక బెంచీ వేయించి, దానికి పచ్చరంగు పూయించినాడు. ఆ బెంచీ మీద కూర్చుంటే ఏరు, దిబ్బలు, అవతలి కొండలు అన్నీ ఒకేసారి కళ్ళల్లోకి వస్తాయి. నేను కూర్చున్నాను. నిజంగానే వస్తాయి.

అయితే సారుకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఎండిన ఏట్లో ఇసుక లోతుగా తవ్వితే నీళ్ళు ఊరుతాయి. ఆ గుంటను చెలమ అంటాం. దిబ్బలు గాలికి చోటు మారుతుంటాయి కాబట్టి, చెలమ తవ్వినవాళ్ళు బాట నుంచి అక్కడిదాకా సున్నం పూసిన రాళ్ళు పెట్టి పోవాలి. ఎండాకాలం మందలు తోలుకొని సరిహద్దు దాటి వచ్చే కురుబవాళ్ళు ఆ తెల్లరాళ్ళ వెంట పోయి నీళ్ళు చేరుకుంటారు. చెలమ ఎండిపోతే, చివరగా తాగినవాళ్ళు ఎంత తొందరలో ఉన్నా సరే, రాళ్ళకు మట్టి పూసిగానీ కదలరాదు. కొట్టుకొని తలలు పగలగొట్టుకున్న రెండూళ్ళ వాళ్ళు కూడా ఒకరి రాళ్ళకు ఒకరు మట్టి పూసి పోయినారు. మా పక్క అబద్ధాలాడేవాళ్ళు లేరా అంటే ఉన్నారు, బోలెడంతమంది. తెల్లరాయితో మాత్రం ఎవరూ అబద్ధం చెప్పలేదు. కొళాయిలు వచ్చినాక మా ఊరివాళ్ళకు ఆ గుర్తు మరుపున పడింది. కొళాయి లేనివాళ్ళకు అట్లా ఎట్లా మరుపున పడుతుంది?

తాత తిరిగొచ్చిన మరునాడు, శనివారం, ఎండ నడినెత్తికి వస్తుండగా ఒక ఆడమనిషి మఠానికి వచ్చింది. మెడ చుట్టూ భుజాల మీద ఒక గొర్రెను వేసుకొని ఉంది. వెనకాల మంద, నాలుకలు బయటపెట్టుకొని. తిన్నగా వచ్చి ఆ గొర్రెను మఠం గుమ్మంలో దించింది. అది చచ్చిపోయి ఉంది. పేరు ఈరక్క అని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆమె ఎవరి పేరూ అడగలేదు, తన పేరూ చెప్పలేదు.

"తెల్లరాళ్ళు పెట్టిన మారాజు ఎవురప్పా? బయటికి రమ్మను, మొగం చూసుకుంటా."

సారు కండువా సర్దుకుంటూ వచ్చినాడు. వచ్చి, నాకు ఇప్పటికీ మండేది ఇదే, ఆమెను చూడలేదు, గడప చూసినాడు. "ఏమ్మా, ఇది మఠం. చచ్చినదాన్ని గుమ్మంలో వేస్తారా? ముందు తీసెయ్. తర్వాత మాట్లాడుకుందాం."

"తీసేదానికి తెచ్చినానా? సూలుగొర్రె సామీ ఇది. నేడో రేపో ఈనేది. బాటలో తెల్లరాయి కనపడె. నీళ్ళుండాయి గదా అని మందను మళ్ళిస్తి. ఒక రాయి, దాని ముందర ఇంకొక రాయి, ఇంకా పైకి, ఇంకా పైకి. పైన ఏముండాది? బెంచీ ఉండాది. పక్కన పలక ఉండాది. నాకు సదువు రాదు. నీళ్ళు ఏపక్క ఉండేదీ రాసినారేమో, సదివేవాళ్ళు ఎవురన్నా వస్తారేమో అని ఆ పలక కాడ నిలబడుకుంటి. నేను నిలబడుకున్న కాసేపట్లో ఇది బెంచీ కింద నీడకు దూరి సచ్చిపాయ. ఏం రాసినావు సామీ దాని మీద?"

సారు గొంతు తగ్గిపోయింది. "ఇక్కడ కాసేపు ఆగండి, అని రాసినానమ్మా."

"ఆగినాం గదా," అన్నింది ఈరక్క.

ఆ తర్వాత మొదలుపెట్టింది. ఆ తిట్లన్నీ రాయాలంటే నా చదువు చాలదు. సారు చేతులను తిట్టింది, సున్నాన్ని తిట్టింది, రంగులు వేసుకున్న బెంచీని తిట్టింది, ఎండలో కూర్చొని ఇసుకను చూసేవాళ్ళ కళ్ళను తిట్టింది. మఠంలో ఉన్నవాళ్ళమంతా నోళ్ళు తెరుచుకొని చూస్తున్నాం. సారు ముఖం మాడ్చుకొని తాత వైపు తిరిగినాడు, వారించండి అన్నట్టు. తాత అప్పటికే నీళ్ళతొట్టి దగ్గరికి పోయి, మందకు అడ్డమున్న కట్టె తీసేసి, ఒక చెంబుతో నీళ్ళు తెచ్చినాడు. చెంబు ఆమె చేతికిచ్చి, ఎదురుగా గొంతుకూర్చొని అన్నాడు: "తాగమ్మా. తాగి, ఇంకా తిట్టు."

ఆమె తాగింది. ఇంకొంచెం తిట్టింది. తర్వాత ఏడ్చింది. ఏడుపు అయినాక అసలు సంగతి చెప్పింది. "వెనకాల మా అత్త వస్తాంది, ఇంకొక మందతో. నా మొగుడు వెనక తోలుకొస్తాన్నా, ముందర నడిచేది ఆమే. గొర్రెలు ఆమె గొంతు వెంటనే పోతాయి. ఎల్లుండికి ఈడికి చేరుతారు. ఆమెకు చూపు లేదు సామీ, తెల్లగుండేది తప్ప ఏదీ కనపడదు. తెల్లరాయి కనపడితే ఇంక ఎవురు పిలిసినా ఆగదు. ఆ రాళ్ళకు మట్టి పూసేయండి."

సారు వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే ఇట్లా అన్నాడు: "తప్పకుండా పూయిస్తానమ్మా. అయితే రేపు ఆదివారం. సాయంత్రానికి ఒక బస్సు నిండా జనం వస్తున్నారు, రాళ్ళు లేకపోతే వాళ్ళు దిబ్బల్లో తప్పిపోతారు. సోమవారం తెల్లారేసరికి పని మొదలుపెడతాం. ఈలోగా మీ అత్తగారికి ఎదురుగా మనిషిని పంపించి చెప్పిస్తాను." వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. దప్పికైన మంద సోమవారం దాకా ఆగాలి, బస్సు మాత్రం ఒక్క పూట కూడా ఆగరాదు. నేను తాతను పక్కకు పిలిచి, మనమే ఈ రాత్రికి పూసేద్దాం పద తాతా అన్నాను. తాత, "పూసిన చెయ్యి ఉండాది గదా," అని, ఆ చచ్చిన గొర్రెను తానే మోసుకొని పోయి పాతిపెట్టి వచ్చినాడు. తర్వాత ఈరక్కను, మందను తోలుకొని ఏట్లో ఈతచెట్ల కింద, రాళ్ళ గుర్తు లేని పాత చెలమ దగ్గర దింపి వచ్చినాడు. మనిషిని పంపిస్తానన్న సారు మరుసటి పొద్దు దాకా పంపించలేదు. మరిచిపోయినాడని కాదు. బస్సువాళ్ళకు ఉప్మారవ్వ తెప్పించే పనిలో ఉన్నాడు.

ఆదివారం పొద్దున, తాత అరుగు మీద కూర్చొని కాలి ముల్లు తీసుకుంటుంటే, సారు వచ్చి నిలబడినాడు. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

"తాతా, నేను తప్పు చేయలేదనను. తెలిసి మాత్రం చేయలేదు. కోపం నిప్పు, ముందు దాన్ని పట్టుకున్న చెయ్యినే కాలుస్తుంది అని మీరే మాకు చెప్తారు. నేను ఇన్నేళ్ళుగా అదే సాధన చేస్తున్నాను. మరి ఒక మనిషి మఠంలో నిలబడి నోటికొచ్చినట్టు తిడుతుంటే, ఆ నిప్పును ఆర్పాల్సింది పోయి, ఇంకా తిట్టు అన్నారే. ఆమె కోపంలో మీకు ఏం కనబడింది?"

తాత ముల్లు తీసి పారేసి, చెప్పులు వేసుకున్నాడు. గోడకు తగిలించి ఉన్న సొరబుర్ర, నడకలో నీళ్ళకు వాడేది, తీసి సారు చేతికిచ్చినాడు. సారు దాన్ని ఊపి చూసి, ఖాళీగా ఉంది తాతా, ఉండండి సీసాలు తెస్తాను అన్నాడు. "సీసాలెందుకు?" అన్నాడు తాత. "తెల్లరాళ్ళుండాయి. నింపుకుందాం పద." సారుకు ఆ మాట గుచ్చుకుంది గానీ, గురువు ముందు నడిచినాక శిష్యుడు ఏమంటాడు. నన్ను ఎవరూ పిలవలేదు. నేనూ పోయినాను.

పాతబాట మీద మొదటి తెల్లరాయి నుంచి మొదలుపెట్టినాం, అచ్చం ఈరక్క నడిచినట్టే. మొదట్లో సారు హుషారుగానే ఉన్నాడు. తన చేతిపని గదా. మొదటి పలక దగ్గర ఆగి, "చూడండి తాతా, ఆ దిబ్బ అంచు చూడండి, కత్తితో కోసినట్టు లేదూ. ఆ నీడ నల్లగా ఉందనుకుంటారు అందరూ. నలుపు కాదు, ఊదా," అన్నాడు. తాత కళ్ళు చికిలించి తీరిగ్గా చూసి, బాగుండాది, అన్నాడు. వెక్కిరింపు ఏమీ లేదు ఆ మాటలో. నిజంగా బాగుంది. జింక ఒకటి దిబ్బ మీద నిలబడి మమ్మల్ని చూసి పోయింది. నాకే అనిపించింది, ఇంత చక్కని దారి వేసినవాణ్ణి పట్టుకొని నేను నిన్నంతా ఎందుకు కోపగించుకున్నానా అని.

అప్పటికి ఎండ ఇంకా చిన్నపిల్ల. రెండో పలక దగ్గరికి వచ్చేసరికి అది పెద్దదయింది. ఇసుకలో కాలు పెడితే మడమ దాకా దిగుతుంది, తీస్తే సగం అడుగు వెనక్కి జారుతుంది. తెల్లరాయి పక్కనే కనబడుతుంది, పోతే ఎంతకూ రాదు. రెండో పలక దగ్గర సారు, "ఇక్కడ కొండల రంగు…" అని మొదలుపెట్టి, మింగడానికి ఉమ్మి లేక ఆగిపోయినాడు. మూడో పలక దగ్గర తాత తనంతట తానే ఆగి, "ఇక్కడేం చూడాల సారూ?" అని అడిగినాడు. సారు చెయ్యి ఊపినాడు, పదండి పదండి అన్నట్టు. కండువా నెత్తిన కప్పుకున్నాడు. సొరబుర్రను రెండు మూడు సార్లు చెవి దగ్గర పెట్టుకొని ఊపడం నేను చూసినాను. ఖాళీ అని తెలుసు గదా. తెలిసీ ఊపినాడు. నా సంగతి అడగకండి. నాలుక చెక్కముక్కలా అయిపోయి, ఇదంతా తర్వాత అందరికీ చెప్పాలనే ఆశతో నడుస్తున్నాను.

పెద్దగుండు ఎక్కేసరికి ఎండ సరిగ్గా నెత్తిన ఉంది. పచ్చబెంచీ తళతళలాడుతోంది. సారు పోయి దాని మీద కూలబడినాడు, కాలింది, లేచినాడు. నీడ కోసం చుట్టూ చూస్తే బెంచీ కింద తప్ప ఎక్కడా నీడ లేదు. వంగి అక్కడ చూసినాడు. రంగు పూర్తిగా ఆరకముందే ఆ గొర్రె ఒరుసుకున్నట్టుంది, బెంచీ కాలికి ఉన్ని అంటుకొని ఉంది, పచ్చరంగులో తెల్లగా. సారు దాన్ని చూస్తూ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. అప్పుడు తాత పలక ముందు నిలబడి, అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివినాడు.

"ఇక్కడ. కాసేపు. ఆగండి. ఆగినాం సారూ. ఇప్పుడు చూపించు, ఎంత బాగుండాదో."

సారు లేచినాడు. "చూసేదేముంది తాతా ఇక్కడ? నోరెండి ప్రాణం పోతుంటే చూడమంటారా? ఇక్కడ నీళ్ళు లేవని మీకు తెలుసు, ఖాళీబుర్ర చేతికిచ్చి నడిపించుకొచ్చినారు. ఇది బోధనా? మీకు మనిషి మీద దయ ఉందా అసలు? బుద్ధి ఉందా మీకు?"

మఠంలో చేరిన నాటి నుంచి తాత ముందు గొంతు పెంచని మనిషి. తాత ఒక రాయి చూసుకొని, దాని మీద గొంతుకూర్చున్నాడు, నిన్న ఈరక్క ముందు కూర్చున్నట్టే.

"ఇంకా తిట్టు," అన్నాడు.

సారు నోరు తెరిచినాడు. తాతను చూసినాడు, బెంచీ కాలిని చూసినాడు, చేతిలో ఉన్న బుర్రను చూసినాడు. ఆ ముఖం ఎట్లా ఉందో గీయాలంటే మళ్ళీ ఆయనే గీయాలి, నావల్ల కాదు. ఎంతసేపు అట్లా ఉండేవాడో గానీ, అప్పుడే నేను కింద దుమ్ము చూసినాను. పాతబాట వైపు నుంచి దుమ్ము లేస్తోంది. దుమ్ములో మంద. మంద ముందు ఒక ముసలామె, చేతికర్ర పొడుచుకుంటూ, ఏదో పిలుస్తూ. సోమవారం రావలసినవాళ్ళు. వెనకటి మజిలీలో చెలమ ఎండిపోయి, ఆగకుండా నడిచి ఒక దినం ముందే వచ్చేసినారు. మేము చూస్తుండగానే ఆమె మొదటి తెల్లరాయి దగ్గర ఆగి, దాన్ని చేత్తో తడిమి, కళ్ళకద్దుకొని, మందను మా దారికి మళ్ళించింది. ఏరు ఆమెకు ఎడమ పక్క ఉంది, అంత దగ్గరగా. ఈతచెట్ల తలలు కూడా మాకు కనబడుతున్నాయి. ఆమె వాటికి వీపు పెట్టి, దిబ్బల వైపు, మా బెంచీ వైపు, ఎక్కడం మొదలుపెట్టింది. నేను చెప్పినాను గదా, ఆ బెంచీ దగ్గర నుంచి అన్నీ ఒకేసారి కళ్ళల్లోకి వస్తాయని.

సారు అరిచినాడు. గొంతు పెగలలేదు. ఎండిన గొంతు గదా, ఊదినట్టు గాలి వచ్చింది అంతే. నేనూ అరిచినాను, నాదీ అదే గతి. అప్పుడు ఆయన, దృశ్యాల కోసం చుట్టూ తిప్పిన దారి వదిలేసి, తిన్నగా కిందికి పరుగెత్తినాడు. అరవై దాటిన మనిషి, డ్రాయింగు మాస్టరు, గుండు మీది నుంచి ఇసుకలోకి జారి, పడి, లేచి, దొర్లి, మళ్ళీ లేచి పరుగెత్తినాడు. ముసలామె అప్పటికి మొదటి దిబ్బ సగం ఎక్కేసింది. సారు ఆమెకు అడ్డంగా పోయి చేతులూపినాడు. ఆమెకు మనిషి కనబడితే గదా. పక్కనుంచి తప్పుకొని రెండో రాయి వైపు పోతోంది. అప్పుడు ఆయన నెత్తినున్న తెల్లకండువా లాగి, రెండు చేతులతో విప్పి పట్టుకొని, ఆమెకు ముందు నిలబడినాడు. ఆమె ఆగింది. ఆయన ఒక అడుగు ఏటి వైపు వేసినాడు, ఆమె తల అటు తిరిగింది. ఇంకొక అడుగు. ఆమె కర్ర అటు పొడుచుకుంది. ఆయన అట్లా కండువా పట్టుకొని, వెనక్కి వెనక్కి నడుస్తూ, ముళ్ళూ రాళ్ళూ చూసుకోకుండా, ఆ మందనంతా ఏట్లోకి దించినాడు. మేము గుండు దిగి వెనకాల పోయేసరికి అందరూ ఈతచెట్ల కింద ఉన్నారు.

ఈరక్క అక్కడే ఉంది. అత్తను చూసి, మొగుణ్ణి చూసి, కండువా పట్టుకున్న సారును చూసింది. చెలమలోంచి నీళ్ళు తోడి దోనెలో పోయడం మొదలుపెట్టింది. సారు సొరబుర్ర ముంచబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు నోరులేనివి," అన్నింది. సారు వెనక్కి తగ్గి నిలబడినాడు. గొర్రెలు తాగినాయి. కుక్క తాగింది. ముసలామె, సిద్దవ్వ ఆమె పేరు, తాగింది. ఆ తర్వాత ఈరక్క సారు బుర్ర తీసుకొని నింపి ఇచ్చింది. ఆయన దాన్ని తెచ్చి ముందు తాతకిచ్చినాడు, తర్వాత నాకిచ్చినాడు, చివరికి తాను తాగినాడు. నా జీవితంలో నేను ఎన్నో తాగినాను, వాటిలో కొన్ని చెప్పరానివి కూడా ఉన్నాయి. ఆ బురదనీళ్ళంత రుచి దేనికీ లేదు.

సిద్దవ్వ మూతి తుడుచుకొని, గాలిలోకి అడిగింది. "పైకి పోయే ఆ రాళ్ళకు సున్నం కొట్టినోడు ఎవుడ్రా?"

ఈరక్క నోరు తెరవబోయింది. సారు ముందుకొచ్చి, ఆమె ఎదురుగా గొంతుకూర్చొని, "నేనే అవ్వా," అన్నాడు.

కోడలు తిట్టిన తిట్లు అత్త దగ్గర నేర్చుకున్నవేనని అప్పుడు అర్థమయింది. కోడలు కొన్ని మరిచిపోయిందని కూడా అర్థమయింది. ముసలామె ఆగి ఆగి, ఊపిరి తీసుకొని మరీ తిట్టింది. నీ ఇంటికి వచ్చే చుట్టానికి నీళ్ళ చెంబు చూపించి ఖాళీచెంబు ఇస్తావా, నిన్ను కన్నతల్లి ఏం నేర్పిందిరా, అని అడిగింది. మఠం పేరు చెప్పుకొని బతికేవాళ్ళను కూడా వరసలో కలిపింది, అందులో నేనూ ఉన్నాను. సారు తల వంచుకొని విన్నాడు. ఆమె ఊరుకున్నాక కూడా, ఇంకా ఉందేమోనని కాసేపు అట్లాగే కూర్చున్నాడు. తర్వాత లేచి, తన కండువాను చెలమ ఒడ్డున పరిచి, దాని నిండా బురద ఎత్తి మూటకట్టుకున్నాడు.

మేము ముగ్గురమూ మళ్ళీ మొదటి రాయి నుంచి మొదలుపెట్టినాం. ఆయనే పూసినాడు, నేను చెయ్యి పెట్టబోతే తాత నా చెయ్యి పట్టుకొని ఆపినాడు. ఒక్కో రాయి తెలుపు చచ్చి ఇసుకలో కలిసిపోతుంటే, ఆయన దాన్ని ఒకసారి తట్టి ముందుకు పోయేవాడు. మధ్యలో నేను ఉండబట్టలేక, బస్సువాళ్ళు వస్తారే సారూ, వాళ్ళకు దారెట్లా అన్నాను. ముందు నేను నడుస్తాను, నా వెంట వస్తారు, అన్నాడు, చేతి పని ఆపకుండా. బురద అయిపోతే ఏటికి పోయి మళ్ళీ తెచ్చుకున్నాడు. పెద్దగుండు మీద చివరి రాయికి మట్టి పూసేటప్పటికి ఎండ చల్లబడి, దిబ్బలు ఒక పక్క బంగారం, ఒక పక్క నీలంగా తిరుగుతున్నాయి. కింద ఏట్లో రెండు మందలూ కలిసి పడుకొని ఉన్నాయి. సారు అటు చూడలేదు. పలకను పీకి చంకన పెట్టుకున్నాడు. బురద చేతులతో బెంచీ ముందు నిలబడి, కాలికి అంటుకున్న ఉన్నిని గోటితో మెల్లగా తీసి, మడిచి జేబులో వేసుకున్నాడు.

"దీన్ని కూడా పీకేస్తాను తాతా. రేపు గడ్డపార తెస్తాను."

తాత పెద్దగా అలిసిపోయినట్టు కనబడినాడు ఆ పూట. చెప్పులు విప్పి, ఇసుక దులుపుకొని, మళ్ళీ వేసుకున్నాడు.

"ఉండనీలే. నీళ్ళు తాగినోళ్ళు ఎవరన్నా కూర్చుంటారు," అన్నాడు.